నూతికి మించిన మోటారు

ఉదయభాస్కర్ శవం ఇసుకలో బోర్లా పడి ఉంది.

నాలుగు బారల అవతల అతని జీపు చక్రాలు పైకెత్తి తలకిందులై ఉంది. వెనుక చక్రాలు బిగుసుకుపోయాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు కలిసి తిప్పినా కదలలేదు.

ఆదివారం ఉదయం. వేసవిలో గోదావరి వెనక్కి తగ్గి వదిలిన ఇసుక మేట మీద, రాజమహేంద్రవరానికి ఎదురుగా, జీపుల పందెం సగంలో ఆగిపోయింది. ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సూర్యకళ మోకాళ్ల మీద కూర్చుని బానెట్ కిందికి తొంగిచూసింది. కాలిన ఇనుము వాసన ముక్కు పుటాలకు తగిలింది.

"ఇంజను పట్టేసిందండి," అన్నాడు కానిస్టేబుల్ వీరబాబు. "తిన్నె దిగేటప్పుడు ఫుల్ స్పీడులో పట్టేసింది. చక్రాలు ఆగిపోయాయి, బండి పల్టీ కొట్టింది."

"ఇంజను ఎవరు కట్టారు?"

సమాధానం వెనుకనుండి వచ్చింది.

"యెహెజ్కేలు. వాడే చంపాడండి నా మేనల్లుణ్ణి."

అతడు అచ్చిబాబు. మృతుడి మేనమామ. యాభై ఏళ్ల వాడు. పొలాలకు ఆయిల్ ఇంజన్లు అద్దెకు తిప్పే మనిషి. నుదుట మందంగా ఆంజనేయస్వామి సిందూరం. చెమటకు అది కరిగి కనుబొమల మధ్యకు జారుతోంది.

"ఆ మెకానిక్ ఎక్కడ?"

"చర్చిలో పాటలు పాడుతున్నాడు. ఇక్కడ పిల్లాడు చచ్చిపోతే."

ఆ మధ్యాహ్నానికే యెహెజ్కేలు గ్యారేజీ అద్దాలు పగిలాయి. బోర్డు విరిగి కాలువలో తేలింది. సాయంకాలం ఆరింటికి అతణ్ణి అరెస్టు చేశారు. అది అతణ్ణి కాపాడడానికో, శిక్షించడానికో ఆ క్షణాన సూర్యకళే చెప్పలేకపోయింది. సోమవారం ఐదింటిలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెడితే జైలు. జైలుకు వెళ్లివచ్చిన మెకానిక్ చేతికి ఇంజను ఇచ్చేవాడు ఈ గోదావరి గట్ల మీద ఉండడు.

సోమవారం ఉదయం నిపుణుడు వచ్చి ఇంజను విప్పాడు. బేరింగులు ఎండి, నల్లబడి, క్రాంకును కరుచుకున్నాయి. కారణం ఒక్కమాటలో చెప్పాడు. ఆయిల్ పంపు.

"అడుగున ఆయిల్ చాంబరు పాతదేనండి. చిన్నది. పంపు మాత్రం పెద్దది, రేసు పంపు. ఉన్న ఆయిలంతా క్షణాల్లో పైకి తోడేసింది. కిందికి దిగివచ్చే లోపల చాంబరు ఎండిపోయింది."

"ఈ రెంటినీ కలిపి ఎవరైనా బిగిస్తారా?"

"తెలిసినవాడు బిగించడండి."

సూర్యకళ లాకప్ ముందు కుర్చీ వేయించుకుంది. యెహెజ్కేలు లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు.

"పెద్ద పంపు ఎందుకు బిగించావు?"

"బిగించలేదండి."

"ఇంజనులో ఉంది."

"ఉండొచ్చండి. నేను పెట్టింది చిన్నది."

"మరి అదేంటి, రాత్రికి రాత్రి పెరిగిందా?"

అతడు తల దించలేదు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చూపులో వేడుకోలు లేదు.

"పెద్ద పంపు నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"అచ్చిబాబు గారు కోయంబత్తూరు నుంచి తెచ్చారండి. అదే పెట్టాలన్నారు. కుదరదన్నాను. చెంబుడు నీళ్లు ఊరే నూతికి అయిదు హార్స్‌పవర్ మోటారు బిగిస్తారా అండి అన్నాను. అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. పంపు ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను."

"సాక్షి?"

"నవ్వినవాళ్లేనండి. కానీ వాళ్లే నిన్న నా అద్దాలు పగలగొట్టారు."

అచ్చిబాబు మాట వేరు. పంపు గ్యారేజీలోనే వదిలి వచ్చాననీ, పాత చిన్న పంపును అమ్ముకోవచ్చునన్న ఆశతో యెహెజ్కేలు పెద్దదాన్ని బిగించి ఉంటాడనీ అతని వాదం.

"జీపు ఇంటికి ఎప్పుడు వచ్చింది?"

"శనివారం పొద్దుగూకేసరికండి. మా అక్కయ్య గారి ధాన్యం షెడ్డులో పెట్టి తాళం వేశాను. తాళం చెవి మొలతాడుకే. తెల్లారేవరకు అక్కడే మంచం. ఈగను కూడా వాలనివ్వలేదు. ఆ దుర్గాసాయి గాడు వచ్చి చుట్టూ తిరిగితే గేటు దగ్గరే తరిమేశాను."

దుర్గాసాయి నిరుటి పందెం విజేత. బెంచీ చివర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"వాళ్లింటికి ఎందుకు వెళ్లావు?"

"చూద్దామనండి. ఊరంతా ఆ ఇంజను గురించే కదా."

"చూసి?"

"చూడనిస్తేగా మేడమ్. ఆయన కర్ర పట్టుకుని లేచాడు."

ముగ్గురు మనుషులు. మూడు మొండి మాటలు. గడియారం పన్నెండు దాటింది.

ఒంటిగంటకు యెహెజ్కేలు భార్య దీవెన క్యారేజీ తెచ్చింది. సెంట్రీ మూత తీసి అన్నాన్ని చెంచాతో కెలికాడు. ఆమె చూస్తూ నిలబడింది.

సూర్యకళ తల ఎత్తింది. దీవెన నుదురు చూడగానే మనస్సు ఒక్క క్షణం కలుక్కుమంది. బోసి నుదురు. అయ్యో, అనుకోబోయి ఆగింది. వాళ్ల ఇంట బొట్టు పెట్టుకోరు. భర్త ఇక్కడే, ఊచల వెనుక, సజీవంగా ఉన్నాడు.

"అమ్మా, మీ ఆయన ఇంజను మూసేముందు పూజ చేస్తాడా?"

దీవెన పెదవి బిగించింది. "అది కూడా కేసేనా అండి?"

"అడిగినదానికి చెప్పు."

"చెయ్యి ఇంజను మీద పెట్టి ప్రార్థన చేసుకుంటారండి. బొట్టు పెట్టరు. పెట్టలేదని సగంమంది గొడవ. ఇంటికి తీసుకెళ్లి మీరే పెట్టుకోండి, పైన పెట్టుకోండి, లోపల వద్దు అంటారు."

సూర్యకళ లేచింది. లోపలి గదికి వెళ్లి, సీలు వేసిన కవరులోంచి పంపును బయటికి తీయించింది. బ్లాకుకు ఆనుకునే ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. ఆ ముఖం పంపు విప్పితే తప్ప ఎవరికీ కనబడదు. బోల్టు రంధ్రానికి పక్కగా, ఆయిల్ తగలని చోట, వేలిముద్రంత నారింజ రంగు. సిందూరం.

ఆమె దాన్ని పొద్దున్నే చూసింది. నిపుణుడూ చూశాడు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. ఎవరూ నోరు మెదపలేదు. ఆమె స్కూటరు హెడ్‌లైటుకు బొట్టు. స్టేషన్ బీరువాకు బొట్టు. ఆయుధపూజనాడు ఆమె తుపాకీకి తానే పెట్టిన బొట్టు. పుట్టినప్పటినుండి చూస్తున్నదాన్ని కన్ను చూడడం మానేస్తుంది. అది లేనిచోటే ఉలిక్కిపడుతుంది.

తెరచి చూస్తే సాక్ష్యం ఎదుటే ఉంది. కాని బొట్టు ఒక్కటే చాలదు. బండివాళ్ల సంతోషం కోసం యెహెజ్కేలే పెట్టాడని ఏ వకీలైనా అంటాడు.

మూడున్నరకు అందరినీ స్టేషన్ వెనుక రేకుల షెడ్డులోకి పిలిపించింది. బల్ల మీద జీపు ఇంజను. పక్కనే బజారులో తెప్పించిన అదే రకం కొత్త పంపు, మూడు బోల్టులు, స్పానరు. కుర్చీలో మృతుడి తల్లి మాణిక్యాంబ. నిన్నటినుండి ఆమె కంటతడి ఆరలేదు. గొంతు మాత్రం ఆరిపోయింది.

"ఐదింటికి కోర్టుకు వెళ్తున్నాం," అంది సూర్యకళ. "అంతకుముందు నాకొక సందేహం తీరాలి. ఈ పంపు బిగించడం ఎంత పని? దుర్గాసాయీ, నువ్వు చూపిస్తావా?"

"నేను తోలడం వరకేనండి. స్పానరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు."

అచ్చిబాబు ముక్కుతో నవ్వాడు. "వీడు నిరుడు గెలిచాడంటే బండి గొప్పండి, వీడు కాదు."

"మీకు తెలుసా అచ్చిబాబు గారూ?"

"అదేమన్నా బ్రహ్మవిద్యా? మూడు బోల్టులు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు నేనే నేర్పాను."

"మంచిది. యెహెజ్కేలు ఎలా బిగించి ఉంటాడో చూపించండి. మేజిస్ట్రేటు అడిగితే చెప్పాలి."

అచ్చిబాబు చొక్కా చేతులు మడిచాడు. యెహెజ్కేలు వైపు చూస్తూనే పంపు అందుకున్నాడు. ద్వేషానికి ఒక లక్షణముంది. అది శత్రువునే చూస్తుంది, తన చేతులను చూసుకోదు.

"వాడు ఇలా పట్టుకుని ఉంటాడు. ఎవడి ప్రాణం పోతే నాకేంటి అనుకుని ఉంటాడు. ప్యాకింగు ఇలా పెట్టి..."

ఎడమచేత పంపును వెల్లకిలా తిప్పాడు. కుడిచేయి పైకి లేచింది. ఉంగరపు వేలు నుదుటి సిందూరాన్ని తాకింది. ఆ వేలే కిందికి దిగి పంపు ముఖానికి, బోల్టు రంధ్రం పక్కన, ఒక్క అద్దు అద్దింది. తరువాత స్పానరు కోసం చేయి చాచాడు.

షెడ్డులో అందరి కళ్లూ ఆ వేలి మీదికి తిరిగాయి.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. అచ్చిబాబు నుదురు తడుముకున్నాడు.

సూర్యకళ కవరులోని పంపును తీసి అతని చేతిలోని పంపు పక్కన పెట్టింది. రెండు ముఖాలు. రెండు బొట్లు. ఒకే చోట, ఒకే రంగు.

"యెహెజ్కేలు తన జన్మలో ఇంజను లోపల బొట్టు పెట్టలేదు. రాత్రంతా ఈగను వాలనివ్వలేదని మీరే చెప్పారు. తాళం చెవి మీ మొలతాడుకే ఉంది. మిగిలింది ఎవరండీ?"

అచ్చిబాబు వేలి వైపు చూసుకున్నాడు. అది తనది కాదన్నట్లు చూసుకున్నాడు.

"తీసిన చిన్న పంపు ఎక్కడుంది?"

అచ్చిబాబు చేతిలోని పంపును బల్ల మీద దించాడు.

"మా ఇంట్లోనండి. సామాన్ల గదిలో. ఇనుము కదా... పారేయబుద్ధి పుట్టలేదు."

"ఎందుకు మార్చారు?"

"అంతమందిలో నన్ను నవ్వులపాలు చేశాడండి. నూతికి మించిన మోటారన్నాడు. పందెం గెలిచాక, గెలిపించింది నా పంపేనని వాడి మొహాన కొడదామనుకున్నా. వాడికి చెడు చేద్దామని కాదు. పిల్లాడికి మంచి జరగాలనే, స్వామిని తలుచుకునే పెట్టానండి."

"అది పొరపాటు. మరి నిన్నటినుండి చేసిందేంటి?"

అచ్చిబాబు అక్క వైపు తిరిగాడు.

మాణిక్యాంబ కుర్చీలోంచి లేచింది. నెమ్మదిగా తమ్ముడి ఎదుటకు వచ్చింది. అతడు వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె అతని గడ్డం పట్టి తల నిలబెట్టింది.

"పెట్టినప్పుడు నువ్వు నా తమ్ముడివేరా. వాడి మేలు కోరే పెట్టావు. ఆ రుణం నీకూ నాకూ స్వామికీ మధ్య ఉంటుంది." పట్టిన గడ్డం వదల్లేదు. "కాని నిన్న నా కొడుకు శవం పక్కన నిలబడి, ఆ మనిషి గ్యారేజీ పగలగొట్టండని కుర్రాళ్లను తోలావు చూడు. అప్పుడు కూడా ఇది నీ నుదుటనే ఉంది."

చీర చెంగు తీసుకుని అతని నుదుటి సిందూరాన్ని తుడిచింది. మరక పోలేదు. మళ్లీ తుడిచింది. చర్మం ఎర్రబడేదాకా తుడిచింది. తరువాత చెంగు వదిలి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

వీరబాబు అచ్చిబాబు భుజం మీద చేయి వేశాడు.

సూర్యకళ యెహెజ్కేలు వద్దకు వచ్చింది. "మీరు వెళ్లవచ్చండి. అద్దాలు పగలగొట్టినవాళ్ల మీద ఫిర్యాదు ఇస్తే నేనే తీసుకుంటాను. స్టేషన్ జీపులో ఇంటి దగ్గర దింపిస్తాను."

అతడు క్యారేజీని భార్య చేతిలోంచి అందుకున్నాడు. మూత బిగించాడు.

"పొద్దున నువ్వు అన్నారండి. ఇప్పుడు మీరు అంటున్నారు."

సూర్యకళ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"జీపు వద్దండి. తీసుకొచ్చేటప్పుడు బజారంతా చూసింది. వెళ్లేటప్పుడు కూడా చూడాలి. నడిచే వెళ్తాం."

దీవెన ముందు నడిచింది. అతడు వెనుక. మండుటెండలో, మెయిన్ రోడ్డు మధ్యగా, తొందర లేకుండా.