డాన్ మెలో ఇంటి జ్ఞానతండ్రి

“ఆ తివాచీ మీద చెయ్యి వేశావంటే చూడు!”

అస్సుంత వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. గరిటె నుంచి టమాటా గుజ్జు బొట్లుబొట్లుగా నేల మీద పడుతోంది.

“చిరిగిపోయిందే కదే. మంచు పడితే చెట్టు చచ్చిపోతుంది.”

“మా అమ్మ ఇచ్చిన తివాచీ అది. నీ అంజూరపు చెట్టుకు కప్పాలా? నీ కోటు తీసి కప్పు.”

“కోటు ఇస్తే నేను చస్తాను.”

“చెట్టయినా బతుకుతుంది!”

బ్రూక్లిన్ రేవులో కార్మెలో స్కర్దీనో పేరు చెబితే క్రేన్ డ్రైవర్లు కూడా టోపీ తీస్తారు. చిన్నతనంలో సిసిలీ నుంచి వచ్చి, చేపల బుట్టలు మోసి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తొక్కుకుంటూ ఆ రేవునే సొంతం చేసుకున్న మనిషి. ఆ డాన్ మెలో ఇప్పుడు పెళ్ళాం ముందు తివాచీ అంచు వదిలేసి తల గోక్కున్నాడు.

“నేను తెస్తాను లెండి, డాన్ మెలో. మా గోడౌన్లో పాతదొకటి పడి ఉంది” అన్నాడు బల్ల దగ్గర కాఫీ తాగుతున్న నిక్ ఫుసారో.

మర్నాడు తివాచీ వచ్చింది. దాని అంచు కుట్టులో చొక్కా బొత్తామంత మైక్రోఫోన్ ఉంది.

పాత ఇనుము వ్యాపారి నిక్ ఫుసారో అసలు పేరు పీటర్ లమోనికా. ఫెడరల్ గూఢచారి. మీసం పెంచి, యాస మార్చి, మెలో ముఠాలో చేరాడు. మెలో గదుల్ని నమ్మడు, కార్లను నమ్మడు, ఫోన్‌ను అసలే నమ్మడు. వ్యాపారం మాట్లాడాలంటే పెరట్లో అంజూరపు చెట్టు దగ్గరికే పిలుస్తాడు. అక్కడికి పైవాళ్ళ చెవి చేరడానికి ఆ తివాచీ ఒక్కటే దారి.

ఇద్దరూ కలిసి చెట్టుకు తివాచీ చుట్టారు. కొమ్మల పైన బకెట్ బోర్లించారు.

“మరీ బిగించకు, కుంపారే. దానికీ ఊపిరాడాలి” అన్నాడు మెలో.

కుంపారే! ఆ పిలుపు వినబడితే చాలు, పీటర్ చూపు పక్కకు తిప్పుకుంటాడు. మెలో కూతురు రొసాల్బా కొడుక్కి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాక వచ్చిన చుట్టరికం అది. “ఒప్పుకో. ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు” అన్నాడు పై అధికారి గారిటీ. ఒప్పుకున్నాడు. చర్చిలో బిడ్డ అతని మీసం పట్టుకుని లాగాడు. “సైతానును విడిచిపెడుతున్నావా?” అని ఫాదర్ అడిగితే, బిడ్డ తరఫున “విడిచిపెడుతున్నాను” అని దొంగ పేరుతో చెప్పాడు. ఆ రోజు నుంచి పీటర్ పాపభయంతో చర్చిలో దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు.

వీధి మలుపులోని టెలిఫోన్ బూత్ నుంచి గారిటీకి ఫోన్ చేశాడు.

“కనోలీ మిఠాయిలు తాజావేనా?”

“రికోటా జున్ను ఇంకా రాలేదు” అంది అవతలి గొంతు. కోడ్ సరిపోయింది. గారిటీ సూటిగా విషయంలోకి వచ్చాడు. “నేవీ రాడార్ పెట్టె ఒకటి మాయమైంది. కొంటున్నది విదేశీ ముఠా. ఓడ ఎక్కించేది మెలో. ఏ గట్టు, ఏ ఓడ? నాకు అదే కావాలి.”

“సమాచారం ఎవరిది?”

“ఇలోనాది.”

మింక్ బొచ్చు కోటు, ముత్యాల హారం, పెదవి చివర నవ్వు. విదేశీ ముఠాకు బేరాలు కుదిర్చేది ఇలోనాయే, ఆ బేరాల కబుర్లు గారిటీ శాఖకు అమ్మేదీ ఆమే.

“మనకు అమ్మే మనిషి మనల్ని అమ్మదా?”

గారిటీ ఫోన్ పెట్టేశాడు.

ఆమె నిజంగానే అమ్మేసింది. శనివారం మధ్యాహ్నం మెలో చెట్టు దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు.

“మనలో పోలీసు చెవి ఒకటి ఉందట. పేరు ఇలోనాకూ తెలియదు. పెట్టె సంగతి తెలిసింది నాకు, నీకు, ఆల్డోకి. నువ్వు కాదు.”

“నేనెందుకు కాను?” నోరు జారింది.

మెలో పగలబడి నవ్వాడు. “వెర్రివాడా! నా మనవణ్ణి ఎత్తుకుని దేవుడి ముందు మాటిచ్చావు. నువ్వే ద్రోహం చేస్తే ఇక చర్చిలు మూసుకోవాల్సిందే.” నవ్వు ఆగిపోయింది. “ఆల్డో జూదరి. వాడే. రేపు భోజనమయ్యాక వాణ్ణి కార్లో ఎక్కించుకో. వెనక సీట్లో మన సాల్ తుపాకీతో కూర్చుంటాడు. మిగతాది వాడు చూసుకుంటాడు. ఫ్లోరిడా వెళ్ళాడని అస్సుంతకు నేను చెప్తాను.”

ఆల్డో అస్సుంత తమ్ముడు. ఆమె చేతుల్లో పెరిగినవాడు.

“తివాచీలోంచి అంతా విన్నాను. కారు ఆపితే మెలో ఓడ మార్చేస్తాడు. రాడార్ చేజారుతుంది. ఆపను” అన్నాడు గారిటీ ఫోన్లో. “ఓడ పేరు తెలిసేదాకా నువ్వు బయటపడొద్దు.”

“మరి ఆల్డో?”

“ఆల్డో ఏమైనా సన్యాసా?”

ఆదివారం బల్ల నిండింది. అస్సుంత పాస్తా తెచ్చి పెట్టింది. మెలో స్వయంగా లేచి, గిన్నెలోని పెద్ద మాంసపు ఉండ ఏరి ఆల్డో పళ్ళెంలో వేశాడు.

“ఏంటి బావా, ఇవాళింత ప్రేమ? కొంపదీసి చచ్చిపోతున్నానా?” అన్నాడు ఆల్డో.

అందరూ గొల్లుమన్నారు. మెలో నవ్వలేదు. గుమ్మం దగ్గర సాల్ కారు తాళాలు ఆడిస్తున్నాడు.

“నవ్వుతావేంట్రా, తిను. బక్కచిక్కిపోయావు” అంటూ అస్సుంత తమ్ముడి తల నిమిరింది.

పీటర్ ఒళ్ళో బిడ్డ ఉన్నాడు. వాణ్ణి మెల్లగా రొసాల్బా చేతికిచ్చి లేచి నిలబడ్డాడు. ఆ ఉదయమే జేబులో దాచి తెచ్చిన ఫెడరల్ బ్యాడ్జి తీసి రొట్టె పక్కన పెట్టాడు.

“ఆల్డో కాదు, డాన్ మెలో. నేను.”

సాల్ చెయ్యి కోటులోకి పోయింది.

“నా బల్ల దగ్గర వద్దు!” మెలో కేక వేశాడు.

“ఆల్డో కాదేంటి?” అంది అస్సుంత. సాల్ చేతిలో తాళాలు చూసింది. తమ్ముడి పళ్ళెంలో ఉండ చూసింది. “మెలో, నా తమ్ముణ్ణా?”

మెలో తల వంచుకున్నాడు. ఆల్డో ఫోర్కు కింద పెట్టేశాడు.

“ఓడ ఎక్కడుంది?” అన్నాడు పీటర్.

“నువ్వు అడక్కు. నీకు ఆ హక్కు లేదు.”

“నేనడుగుతున్నాను. చెప్పు” అంది అస్సుంత.

మెలో తన పళ్ళెం ముందుకు తోశాడు.

“అందరూ వినండి. ఓడ పేరు సాంతా ఎలీజియా. ఉప్పు గోడౌన్ వెనక గట్టున ఉంది. కోర్టులో కూడా నేరం ఒప్పుకుంటాను. నాకు లాయరు వద్దు. ద్రోహిని వదిలేసి బావమరిదిని అనుమానించినవాడికి లాయరు దేనికి!”

పీటర్ వంటింటి ఫోన్ అందుకుని గారిటీకి ఓడ పేరు చెప్పాడు. పళ్ళు బల్ల మీదికి వచ్చేసరికి ఫోన్ మోగింది. పెట్టె క్రేన్‌కు వేలాడుతూ ఓడ మీదికి చేరుతుండగా పట్టుకున్నారట. మరో నిమిషం ఆలస్యమైతే లోపల పడేది. ఇలోనా మాత్రం మింక్ కోటుతో సహా మాయం.

వాకిట్లో పోలీసు కార్ల తలుపులు చప్పుడయ్యాయి. పీటర్‌కు మెలో ముఖంలోకి చూసే ధైర్యం లేదు.

“ఇంకో మాట” అన్నాడు మెలో, లేస్తూ. “బాబుకు మళ్ళీ జ్ఞానస్నానం చేయించండి. వేరేవాడి చేతుల మీదుగా.”

“కుదరదు” అంది అస్సుంత. “మొగుణ్ణి మార్చుకోవడానికే లేదు, జ్ఞానతండ్రిని మారుస్తారా? బాబు ప్రతి పుట్టినరోజుకూ ఈయన వస్తాడు, ఇక్కడే తింటాడు. కూర్చోడానికి నీ కుర్చీ ఎలాగూ ఖాళీయేగా.”