లేని కారు

"మా ఇంట్ల కారున్నదని ఎవరు రాసిన్రు?"

నాచారం బస్తీ దవాఖానా ముందు వేసిన టెంట్‌లోకి హృషికేశ్ వానలో తడుస్తూనే వచ్చి అడిగాడు. సర్వే ట్యాబ్ ముందేసుకుని కూర్చున్న హిమజ తల పైకెత్తింది.

"నేనే రాసిన. మీ నాన్ననే చెప్పిన్రు. ఇల్లు గూడ సొంతమే అన్నరు."

"మేముండేది కిరాయి రూమ్‌ల మేడమ్! నాకున్నది పాత స్కూటీ. అది గూడ తంతేగాని స్టార్ట్ కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది.

జిల్లాల నుంచి వచ్చి ఈ ప్రాంతంలో అద్దెకుంటున్న పేద కుటుంబాలకు కూడా ఆరోగ్య కార్డు ఇస్తామని ప్రభుత్వం ఈ ఏడే చెప్పింది. హృషికేశ్ తండ్రి పోశయ్యకు గుండె వాల్వు మార్చాలి. కార్డు ఉంటేనే ఆపరేషన్. కారున్న ఇంటికి కార్డు రాదు.

హృషికేశ్ అక్కడే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"బాపూ, సర్వే మేడమ్‌కు కారున్నదని చెప్పినవా?"

అవతల కాసేపు దగ్గు.

"అది సర్వేనా? కొడుకేం చదివిండు, నౌకరేంది, ఇల్లు సొంతమా, బండున్నదా అనడిగిందిరా! పెండ్లిళ్ల భూషణం పంపిండేమో అనుకున్న. పిల్ల సక్కగున్నది... జర పెంచి చెప్పిన."

హిమజ చెవులు ఎర్రబడ్డాయి.

"మస్తు పెంచిన్రు," అంది మెల్లగా. "రేపొచ్చి మళ్ళ చూస్త."

మర్నాడు వచ్చింది. హృషికేశ్ ఏదీ దాచలేదు. ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడు తనేనన్నాడు. హబ్సిగూడ ల్యాబ్‌లో తనది కాంట్రాక్ట్ ఉద్యోగమేనన్నాడు. మంచం మీద పోశయ్య చాలు, చాలు అన్నట్టు చేత్తో సైగలు చేస్తూనే ఉన్నాడు.

"చాయ్ తాగుతరా మేడమ్?"

"డ్యూటీల ఉన్న."

తలెత్తకుండానే వెళ్లిపోయింది. తను నచ్చలేదు కాబోలు అనుకున్నాడు హృషికేశ్. అయినా ఆ గల్లీ మలుపు దాకా ఆమె గొడుగునే చూస్తూ నిలబడ్డాడు.

కార్డు వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. పోశయ్యను వార్డులోకి మార్చిన సాయంత్రం హిమజ వచ్చింది. చేతిలో ట్యాబ్ లేదు.

"ఇంకా ఏమన్న రాసుకోవాల్నా మేడమ్?" మంచం పక్కన కూర్చున్న హృషికేశ్ అడిగాడు.

"మీ కేసు అయిపోయింది. అది నా చేతిల ఉన్నన్ని రోజులు మీతోటి మాట్లాడితే బాగుండదని ఊకున్న." కాసేపు కిటికీ మీది చినుకులను చూసింది. "ఆడపిల్ల ముందట ఉన్నదున్నట్టు చెప్పినోణ్ణి నేనైతే ఇంకోణ్ణి చూడలె."

హృషికేశ్ ఆమె వైపు తిరిగాడు.

"అంటే... నేను..."

"గా మాట నాకు తర్వాత చెప్పొచ్చు. మా అమ్మ బయట బెంచీ మీద కూసున్నది. ఆమె అడిగేటివి మా సర్వే కన్న ఎక్కువుంటయి. పో!"

హృషికేశ్ చొక్కా సర్దుకుని లేచాడు. మంచం మీద పోశయ్య నీరసంగా చెయ్యెత్తాడు.

"నిజమే చెప్పురా బిడ్డా... జర నవ్వుకుంట చెప్పు."