జులై ఒకటిన పుట్టిన మహనీయులు

ఉదయం ఎనిమిది కొట్టేసరికి, ఇచ్ఛాపురం మొదలుకొని చంద్రుడి మీది గనుల కాలనీ వరకు, తెలుగు చదివే పిల్లలందరూ అల్లరి మాని గోడకేసి చూడటం ఆ శతాబ్దపు ఆచారం. అల్లరి మానడమన్నది ప్రభుత్వ నివేదికల్లోని మాట. చూడటం మాత్రం నిజం. ఎందుకంటే గోడ మీద 'ఇదే తేదీన' కార్యక్రమం వస్తుంది. ఏ రోజుకారోజు, అదే తేదీన గతంలో జరిగిన ఘట్టాలు కళ్ళ ముందు కదులుతాయి.

అందుకు మూలమైన, మాటలు కూడా వచ్చిన మహాయంత్రం పేరు భిత్తిదర్శిని. గోడకు వేసిన సున్నం ఆరి రాయిగా గట్టిపడేటప్పుడు, తన మీద పడిన వెలుగును, గదిలోని మాటలకు కలిగిన కంపనాన్ని స్ఫటికాల్లో బంధించి ఉంచుతుందని ఆచార్య వకుళాంబ కనిపెట్టింది. ఏటా వేసే ఒక్కో పూత ఒక్కో సంవత్సరపు పుట అన్నమాట. లేజర్‌తో పొరలు విప్పి చదివితే, నూరేళ్ళ నాటి ఉదయం కూడా కళ్ళకు కడుతుంది. సున్నం వేయని గోడ మాత్రం మూగది. ఇన్నాళ్ళూ సున్నాన్ని తమలపాకు మీదికే పరిమితం చేసిన మానవజాతి, ఈ వార్త విని ఆవిడకు పద్దెనిమిది బిరుదులిచ్చింది.

రెండు వేల తొంభై నాలుగు, జులై ఒకటో తేదీ ఉదయం ఆ పద్దెనిమిది బిరుదులూ వకుళాంబకు ఏ మాత్రం ఊరట ఇవ్వడం లేదు. ఆవిడ కూతురు తరళ ఆసుపత్రిలో ఉంది. పదకొండు గంటలకు ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీస్తారు. నెలలు నిండటానికి ఇంకా అయిదు వారాలున్నాయి. తల్లికిగాని బిడ్డకుగాని జబ్బేమీ లేదు. ఉన్నదల్లా తేదీ.

ఆ తేదీ జబ్బును అంటించింది వకుళాంబే. పదేళ్ళ క్రితం ఆవిడ పాత రికార్డులన్నీ లెక్కవేసి, గడచిన శతాబ్దపు తెలుగు ప్రముఖుల్లో నాలుగు వందల పన్నెండు మంది జులై ఒకటినే పుట్టారని, తానే నడిపే ఈ కార్యక్రమంలో పిల్లలకు చెప్పింది. అంతే. ఆ రోజు 'మహాజనన దినం' అయింది. సూర్యకిరణాల ప్రభావమని ఒక విశ్వవిద్యాలయం, గ్రహస్థితి అని ఇంకొక పీఠం ఉద్గ్రంథాలు వెలువరించాయి. ఆపరేషన్ థియేటర్లను ఏడాది ముందే, అంటే పెళ్ళి కుదరక మునుపే, రిజర్వు చేసుకునేవారు బయలుదేరారు.

"అయిదు వారాల ముందేమిటే? ఊపిరితిత్తులు పూర్తిగా తయారవ్వొద్దూ?" అని వకుళాంబ రాత్రి ఫోనులో బతిమాలింది.

"నువ్వే కదమ్మా లెక్క చెప్పింది? ఊళ్ళో వాళ్ళ పిల్లలకైతే ఒకటో తారీఖు, నీ మనవడికి మాత్రం ఏదో ఒక రోజా?"

వకుళాంబ ఫోను పెట్టేసి, మర్నాటి కార్యక్రమం కాగితాలు సర్దుకుంది.

ఎనిమిదయింది. "పిల్లలూ, వందనం" అని వకుళాంబ మొదలుపెట్టింది. "పద్దెనిమిది వందల యాభై ఎనిమిదిలో ఇదే తేదీన లండన్‌లో డార్విన్, వాలెస్‌ల పరిణామ సిద్ధాంతాన్ని మొదటిసారి చదివి వినిపించారు. విన్నవాళ్ళు పెద్దగా చలించలేదు. పద్దెనిమిది వందల అరవై ఏడులో కెనడా దేశం ఏర్పడింది. ఇక మన మహనీయుల సంగతి. వాళ్ళలో పదిహేడు మంది చదివిన చినమడకం బడి గోడ మన దగ్గరికి వచ్చింది. పంతొమ్మిది వందల యాభై మూడు, జులై ఒకటి. వాళ్ళు ఆ రోజు ఏం చేస్తున్నారో చూద్దామా?"

ముందుగా చూసి కత్తిరించకూడదన్నది ఈ కార్యక్రమానికి చట్టం విధించిన నియమం. అందుచేత నాలుగు లక్షల తరగతి గదులతో పాటు వకుళాంబ కూడా అప్పుడే చూసింది.

బల్ల వెనుక పరాంకుశం మాస్టారు అనే ప్రధానోపాధ్యాయుడు. ఎదురుగా పిల్లల్ని కొత్తగా బడిలో చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రుల వరస. ముందున్న పోలమ్మ కొడుకును ముందుకు తోసింది.

"చెయ్యెత్తి తల మీంచి అవతలి చెవి పట్టుకోరా" అన్నాడు మాస్టారు. చెయ్యి అందింది. "సరే, అయిదు నిండాయి. ఎప్పుడు పుట్టాడమ్మా?"

"నాకేటి తెల్సు బాబూ! పెద్ద గాలివానొచ్చింది సూడండి, ఆ యేడు. మా ఎర్రావు ఈనిన మర్నాడు."

"మీ ఎర్రావును రిజిస్టర్లో ఎక్కించలేను గదమ్మా!" మాస్టారు కలం సిరాలో ముంచి, ఎదుటి గోడకున్న క్యాలెండరు కేసి ఒక్క చూపు చూసి, "జులై ఒకటి" అని పైకి అంటూ రాశాడు.

వకుళాంబ చేతిలోని కాగితాలు జారి నేల మీద పరుచుకున్నాయి.

"ఇందాక మా తోడికోడలు బుడ్డోడికీ అదే ఏసారు గదా బాబూ?" అంది పోలమ్మ.

"వాడికీ అదే, వీడికీ అదే, వెనకున్న వాళ్ళకూ అదే. వయసు ఒక ఏడాది తగ్గించి వేశాను, రేపు ఉద్యోగమొస్తే రిటైరయ్యేనాడు నన్ను తలుచుకుంటాడు. పద, పద, తర్వాత ఎవరు?"

వరస కదిలింది. సింహాచలం, జులై ఒకటి. అప్పన్న, జులై ఒకటి. భావి శాస్త్రవేత్తలు, న్యాయమూర్తులు, ఒక గవర్నరు, పదిహేడు మందీ ముక్కులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి, మాస్టారి కలం కింద, అయిదేళ్ళ వయసులో, చొక్కాలు తొడుక్కుని మరీ జన్మించారు.

చంద్రకాలనీ బడి నుంచి ఒక పాప గొంతు వినిపించింది. "టీచర్, అంటే వాళ్ళెవరూ ఇవాళ పుట్టలేదా?"

పదేళ్ళ పరిశోధన, పద్దెనిమిది బిరుదులు, రెండు వందల ఉద్గ్రంథాలు, సూర్యకిరణాలతో సహా, ఒక క్యాలెండరు చూపు ముందు మట్టి కొట్టుకుపోయాయి. "లేదమ్మా," అంది వకుళాంబ. "నేను తప్పు చెప్పాను. ఎవరెప్పుడు పుట్టారో ఎవరికీ తెలియదు."

గోడ మీది దృశ్యం ఆరిపోయింది. తొమ్మిదిన్నరకు తరళ ఫోను.

"అమ్మా, చూశాను. ఆపరేషన్ వద్దని చెప్పేశాను."

వకుళాంబ కుర్చీలో కూలబడింది. పదేళ్ళలో మొదటిసారి తన యంత్రానికి దండం పెట్టాలనిపించింది.

"సరేగాని, ఆ మాస్టారు ఏ తేదీన పుట్టారమ్మా?"

"ఎందుకే?"

"అదేమిటమ్మా! కలం పోటుతో అంతమంది మహానుభావుల్ని పుట్టించినాయన పుట్టిన రోజంటే మాటలా? ఇక్కడ వార్డంతా అదే అడుగుతోంది. డాక్టరుగారైతే థియేటరు ఖాళీ చేయకుండా కూర్చున్నారు. రేపో ఎల్లుండో అయితే నేను ఇక్కడే ఉండిపోతాను."

వకుళాంబకు ఇందాకటి దెబ్బ దీని ముందు దెబ్బే కాదనిపించింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి యంత్రం కేసి చూసింది.

"మాస్టారు జన్మించిన గృహానికి మట్టిగోడలు, ఆచార్యా," అంది భిత్తిదర్శిని గంభీరంగా. "సున్నం లేదు. తేదీ శాశ్వతంగా అలభ్యం."

వకుళాంబ జన్మలో ఆధారం లేని తేదీ ఒక్కటి పలికి ఎరుగదు. కిటికీ బయటికి చూసింది. అక్కడ సహాయపడేదేమీ కనిపించలేదు.

"తరళా, నీకు నెలలు నిండేది ఎప్పుడన్నారు?"

"ఆగస్టు అయిదు. ఏం?"

"ఆగస్టు అయిదే."

"ఏమిటది?"

"మాస్టారు పుట్టింది. ఆగస్టు అయిదు, తెల్లవారుజామున."

అవతల కేరింత. "అమ్మా! నొప్పులు వాటంతటవే వచ్చే రోజుకే సరిపోయిందే! ఇంటికొచ్చేస్తున్నా!"

ఫోను పెట్టేసిన వకుళాంబ చెవులు ఎర్రబడ్డాయి. యంత్రం మర్యాదగా గొంతు సవరించుకుంది.

"ఆచార్యా, చంద్రకాలనీ నుంచి ఒక గర్భవతి లైనులో ఉంది. మాస్టారి జన్మతేదీ కావాలంటోంది. ఆమె వెనుక ఇంకో మూడు వేల ఆరు వందల మంది. ఏమని చెప్పమంటారు?"

వకుళాంబ కళ్ళద్దాలు తుడుచుకుని, కలం చేతిలోకి తీసుకుంది.

"ఒక్కొక్కరినే కలుపు," అంది. "ముందు ఎన్నో నెలో కనుక్కో."