మూడో పిస్టన్

తుపాను పోయి పది రోజులు దాటినా కోడంబాక్కం వీధుల్లో తడిసిన పరుపులు ఇంకా పిట్టగోడల మీద ఆరుతూనే ఉన్నాయి. ఆ ఉదయం అమ్మణి ఆఫీసు గుమ్మంలో ఒక ఆడమనిషి చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. గుడ్డసంచిని కడుపుకు అదుముకున్న ఆమె తీరు చూసి శ్రీకుమార్ గబగబా కుర్చీ లాగి వేశాడు.

శ్రీకుమార్ లా చదివినవాడు. నల్లకోటు వేసుకోకుండా ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర చేరడమేమిటని ఇంట్లో రోజూ సాధిస్తారు. అమ్మణి ఒక చిక్కు విప్పుతుంటే కళ్లారా ఒక్కసారి చూస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయని అతని నమ్మకం. యాభై దాటిన అమ్మణి తండ్రి డీజిల్ షెడ్డులో పెరిగింది, సినిమా కంపెనీల వ్యాన్లు నడిపింది, ఆ తర్వాతే మనుషుల గుట్లు విప్పే పనికి వచ్చింది.

"నా పేరు కాళియమ్మమ్మా. వ్యాసర్పాడి," అంది వచ్చినామె. "మా ఆయన కాటయ్య. తిరువొత్తియూరులో ఐసు కంపెనీ విజయకుమార్ సారుకు డ్రైవరు. తుపాను నాడు నీళ్లలో పోయినాడు. మా కాలవ పక్కన దొరికినాడు."

"పాపం. పోలీసులేమన్నారు?"

"నీళ్లలో పడి పోయినాడన్నారు. అదేమో నిజమే. కానీ సారు ఇంట్లో ఆ నాగప్పన్ లేడూ, సారు బామ్మర్ది, ఆయన అందరికీ ఏం చెప్పినాడంటే, మధ్యాన్నమే బండి ఇంట్లో పెట్టేసి, బాగా తాగేసి, నడిచి ఇంటికి పోతా పడిపోయినాడని." ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. "ఏడేండ్ల ముందర మా పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాడమ్మా, మళ్లీ చుక్క ముట్టనని. ఆ ఒట్టు తప్పినాడని పాప నమ్మేసింది. ఇంట్లో ఆయన పటాన్ని గోడ తట్టు తిప్పి పెట్టింది. నేను తిప్పితే మళ్లీ తిప్పేస్తది. పోయినోడు ఎట్లా రాడు. కనీసం ఆ పటమన్నా ఇంటి తట్టు చూడాల గదా."

శ్రీకుమార్ తల వంచుకున్నాడు. అమ్మణి మాత్రం ఆమెకు మంచినీళ్లిచ్చి, చుట్టం ఇంటికి వచ్చినట్టు తీరిగ్గా కబుర్లలోకి దింపింది. కాటయ్య పొట్టివాడనీ, స్టీరింగు అందక వీపు వెనకాల దిండు పెట్టుకునేవాడనీ, ఆ దిండు కాళియమ్మే కుట్టిందనీ తెలిసింది. నాగప్పన్ వాళ్ల వీధికి తరచూ వచ్చేవాడని, అక్కడే ఉండే మునియక్క మిద్దె మీద పందెం పావురాలు పెంచేవాడని కూడా తెలిసింది.

"వాన పెద్దదయ్యేసరికి వీధంతా ఇస్కూలుకు పోయినాం. వచ్చి చూస్తే గూళ్లు ఒక్కటీ లేవు. పాపం, కొట్టుకోనిపోయినట్టుండాయి," అంది కాళియమ్మ.

"ఆ కారు ఎవురిది?" అడిగింది అమ్మణి.

"సారు వాళ్ల నాయనది. చిన్న డీజిల్ కారు, పదైదేండ్ల నాటిది. నీళ్లలో మునిగి చెడిపోయిందంట. రేపే పాత ఇనుము అంగడికి తోలిస్తారంట."

అమ్మణి లేచింది. "శ్రీకుమారూ, చిన్నతంబికి ఫోన్ చెయ్. స్పానర్ల పెట్టెతో తిరువొత్తియూరుకు రమ్మను. ఆ బండి ఇనుముకు పోకముందే చూడాల."

*

విజయకుమార్ ఇల్లు సముద్రానికి దగ్గర, ఇసక నేల మీద ఉంది. పోర్టికో గోడ మీద నీటి గీత కారు హెడ్‌లైట్ల ఎత్తున కనిపిస్తోంది. ఆ కారు ఇక్కడే మునిగిందంటే ఎవరికైనా నమ్మబుద్ధయ్యేట్టుంది. శ్రీకుమార్ కూడా నమ్మేశాడు.

విజయకుమార్ మర్యాదస్తుడు. "కాటయ్య మా నాయన కాలం మనిషి. తుపానుకు నేను నెల్లూరులో ఇరుక్కున్నా, రైళ్లు లేవు. వచ్చేసరికి అంతా అయిపోయిందమ్మా," అన్నాడు. ఆయన భార్య జీవిత కాఫీలు పెట్టి తలుపు పక్కనే నిలబడింది. ఆ రోజు తను మేడ మీద అత్తకు పథ్యం చూసుకుంటూ ఉండిపోయానని, కిందికి దిగలేదని చెప్పింది.

జీవిత తమ్ముడు నాగప్పన్ గుమ్మానికి తల తగలకుండా వంగి బయటికొచ్చాడు. తాటిచెట్టంత మనిషి.

"ఈ డొక్కు బండిలో చూసేదానికి ఏముందక్కా?" అన్నాడు. "పొద్దున పూట స్టార్ట్ కాదు, నల్లపొగ, ఆయిలు కారతాది. టైమింగ్ బెల్టు తెగుంటాది. లేదంటే హెడ్ గాస్కెట్ పోయుంటాది. ఈ ఇంజన్లకు అది మామూలే."

"బాగానే తెలుసే నీకు. వానల్లో ఆగేదా?"

"డీజిలక్కా ఇది! స్పార్క్ ప్లగ్గుందా తడిసేదానికి? పెట్రోలు బండ్లు మోకాలి నీళ్లకే మొరాయిస్తాయి. ఇది పడవ మాదిరి పోతాది."

"అట్లనా," అంది అమ్మణి మెత్తగా. "మరి పోర్టికోలో నిలబడిన పడవ ఎట్ల మునిగిందప్పా?"

నాగప్పన్ నవ్వాడు గాని నవ్వు పెదాలు దాటలేదు. మిద్దె మీంచి పావురాల కువకువ వినిపించింది. అమ్మణి తల పైకెత్తింది. "గూళ్లు మూసుండాయే? ఈ పొద్దుకు పందెం పిట్టలను ఎగరేస్తారు గదా."

"చలికి జలుబు చేసిందక్కా."

అమ్మణి కారు ముందు తలుపు తీసింది. బురద ఎండి పొలుసులుగా లేచింది. డ్రైవరు సీటు పట్టాల మీద చివరికంటా వెనక్కి జరిపి ఉంది. దిండు వెనక సీటు కింద బురదలో నొక్కుకుపోయి ఉంది. దానికి రెండు బూడిదరంగు ఈకలు అంటుకుని ఉన్నాయి. శ్రీకుమార్ ఆ ఈకలు చూశాడు. చూశాడే తప్ప వాటి అర్థం పట్టుకోలేకపోయాడు.

ఈలోగా చిన్నతంబి వచ్చి బానెట్ ఎత్తాడు. గాలి ఫిల్టరు డబ్బా విప్పితే లోపలి కాగితం పీల్చుకుపోయినట్టు సొట్టపడి ఉంది. మడతల్లో ఎండిన వేళ్ల కుచ్చు ఒకటి ఇరుక్కుంది. అమ్మణి దాన్ని వాసన చూసి రుమాల్లో చుట్టుకుంది.

"హెడ్, అదే ఇంజను మూత, విప్పు తంబీ. సారూ, మీకేం అభ్యంతరం లేదు గదా?"

"కానీండమ్మా," అన్నాడు విజయకుమార్. "దాన్ని ఇనుముకు వేసేది నాకూ మనసొప్పలేదు. నాగప్పనే తొందర పెట్టినాడు."

*

మధ్యాహ్నానికి అమ్మణి అందర్నీ పోర్టికోలో కూర్చోబెట్టింది. కబురందుకుని కాళియమ్మ కూతురు సరణ్యను తీసుకొచ్చింది. పదహారేళ్ల పిల్ల. తల్లికి ఎడంగా, గేటు పట్టుకుని నిలబడింది. విప్పేసిన ఇంజను నడుమన పొట్ట తెరుచుకుని ఉంది. నాలుగు సిలిండర్లు నాలుగు బావుల్లా కనిపిస్తున్నాయి.

"పద్నాలుగు వందల సీసీ," మొదలుపెట్టింది అమ్మణి. "యాభై గుర్రాల బలం. ఈ కాలం బండ్ల ముందర ఇది ముసలిది. కానీ దీని పని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తాది. దీంట్లో నిప్పు పెట్టేవాడు లేడు. ఇరవై రెండు చెంబుల గాలిని ఒక్క చెంబులోకి నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి కాగిపోతాది. డీజిల్ చుక్క పడిందంటే భగ్గుమంటాది. నిమిషానికి వేలసార్లు, పదైదేండ్లు, ఇదే పని."

శ్రీకుమార్ రోజూ రోడ్డు మీద వందల ఇంజన్ల మోత వింటాడు. ఆ మోత లోపల ఇంత ఉగ్రం దాగుందని అతనికి ఇన్నాళ్లూ తట్టనేలేదు.

"నాగప్పన్ చెప్పిన జబ్బులు ముందు చూసినాం. బెల్టు తెగలేదు, ఇదిగో. మూత కింద గాస్కెట్ పోయుంటే రేడియేటరు నీళ్లు సిలిండర్లోకి దిగేవి. రేడియేటరు నిండుగా ఉంది, గాస్కెట్ చెక్కుచెదరలేదు. ఇప్పుడు చూడండి. తంబీ, తిప్పు."

చిన్నతంబి కింద పెద్ద స్పానరు పెట్టి మెల్లగా తిప్పాడు. మొదటి పిస్టన్ లేచి పైఅంచుకు సమంగా ఆగింది. మళ్లీ తిప్పితే మూడోది లేచింది. లేచి, అంచు ఇంకా గోరు మందం ఉందనగానే ఆగిపోయి, అక్కణ్నుంచే కిందికి దిగిపోయింది. తక్కినవి రెండూ అంచుదాకా వచ్చాయి. మూడోదాన్ని ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"దాని కింద కడ్డీ వంగిపోయింది," అంది అమ్మణి. "చెయ్యంత ఉక్కు కడ్డీ. గాలి నలుగుతాది. నీళ్లు నలగవు. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు నీళ్లు లోపలికి పోతే, పిస్టన్ వచ్చి రాతిగోడకు గుద్దుకున్నట్టు గుద్దుకుంటాది. నిలబడిన బండిలోకి ఎన్ని నీళ్లు దిగినా కడ్డీ వంగదు, తుప్పు పడతాదంతే."

"ఎవురో ఈడనే తాళం తిప్పుంటారు," అన్నాడు నాగప్పన్.

"స్టార్టరు మోటారుకు ఇంత బలమేదప్పా? టక్కుమని ఆగిపోతాది. పైగా ఇది చూడు." ఆమె రుమాలు విప్పింది. "గుర్రపుడెక్క వేర్లు. కాలవలో పెరిగేది. మీ ఇసక వీధిలో ఎక్కడుంది చూపించు. ఈ బండి ఆ రోజు ఈడ లేదు. వ్యాసర్పాడి కాలవ నీళ్లలో నడిచింది."

విజయకుమార్ లేచి నిలబడ్డాడు. "అయితే కాటయ్య..."

"కాటయ్య నడపలా. ఆయన పొట్టి. దిండు లేందే స్టీరింగు అందదు. దిండు వెనక పడుంది, సీటు చివరికంటా జరిగుంది. కాళ్లు పొడుగైన మనిషి నడిపినాడు. డీజిల్ నీళ్లలో పడవ మాదిరి పోతుందని నమ్మిన మనిషి. ప్లగ్గులు లేవన్న సగం మాట తెలుసు గాని, ఇంజను కూడా ఊపిరి పీల్చాలన్న తక్కిన సగం తెలీదు. శ్రీకుమారూ, మిద్దె ఎక్కి ఒక గూడు తెరువు."

శ్రీకుమార్ రెండేసి మెట్లు ఎక్కాడు. గడియ తీయగానే బూడిదరంగు పావురం ఒకటి టపటపమని లేచింది. ఇంటి మీద రెండు చుట్లు తిరిగింది. సముద్రం వైపు కాదు, సూటిగా వ్యాసర్పాడి దిక్కుకు, గీత గీసినట్టు పోయింది.

"మునియక్క మిద్దెకు పోతాంది!" అంది కాళియమ్మ, నోరు తెరుచుకుని.

"దాని ఇల్లు అదే, పందెం పావురాన్ని ఎక్కడ వదిలినా పెరిగిన చోటికే పోతాది. అందుకే వీటిని ఎగరనీలేదు. దిండుకు అంటిన ఈకలు వీటివే," అంది అమ్మణి. "చెప్పు నాగప్పా. ఆ బిడ్డ ముందర చెప్పు."

నాగప్పన్ సరణ్య వైపు ఒకసారి చూసి నేల మీద కూర్చున్నాడు.

"గాలివానకు పావురాలు కొట్టుకపోతాయని కాటయ్యను నేనే బలవంతంగా తీసుకపోయినానక్కా. తిరిగొచ్చేటప్పుడు కాలవ పొంగి రైలు వంతెన కింద నీళ్లు నిలిచుండాయి. 'వద్దు తంబీ, బంపరు దాటితే ఇంజను నీళ్లు తాగుతాది,' అన్నాడు. పిరికోడా అని తిట్టి, ఆయన్ను పక్కకు నెట్టి నేను కూర్చున్నా. నడిమధ్యలో దబ్బుమని ఆగిపోయింది. తలుపులు రాలేదు. నాకు ఈత రాదు. ఆయన కిటికీలో దూరి, నన్ను లాగి, గట్టు మీదకు తోసినాడు. నేను... పావురాలు, పావురాలు అని అరిచినా. మళ్లీ దిగి గూళ్లన్నీ అందించినాడు. ఆఖరు గూడు నా చేతికిచ్చేటప్పుడు నీళ్లొచ్చి తోసేసినాయి."

"మా నాయన తాగుండాడా?" అంది సరణ్య. ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదటిసారి.

"లేదమ్మా. ఆయన కాదు, నేనే మత్తులో ఉండా. నీళ్లు తగ్గినాక బండి లాగించుకొచ్చినా. బావకు మొగం చూపించలేక తాగినాడని చెప్పినా."

జీవిత తమ్ముడి వైపు చూడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విజయకుమార్ చెప్పులు వేసుకున్నాడు. "లే. స్టేషన్‌కు పోదాం. ఈ మాటే ఆడా చెప్పాల. తర్వాత వాళ్ల వీధిలో ఇంటింటికీ పోయి చెప్పాల. నేనూ వస్తా."

వాళ్లు వెళ్లాక సరణ్య గేటు వదిలి ఇంజను దగ్గరికి వచ్చింది. మూడో సిలిండరులోకి చెయ్యి పెట్టి పిస్టన్ తలను వేలితో తడిమింది. ఆ చేతినే, నాయన ఒట్టేసిన తన నడినెత్తి మీద పెట్టుకుంది. గడ్డకట్టిన నూనె, మసి, వంగిన ఉక్కు. ఇన్ని రోజులూ ఒక మనిషి మాట నిలబెట్టడానికి ఆ చీకట్లో కాచుకుని కూర్చున్నాయని శ్రీకుమార్‌కు తోచింది.

ఆ సాయంత్రమే అతన్ని తల్లీకూతుళ్లను వ్యాసర్పాడిలో దించి రమ్మంది అమ్మణి. ఇంట్లో అడుగుపెట్టగానే సరణ్య చెయ్యి కూడా కడుక్కోకుండా తండ్రి పటాన్ని ఇటు తిప్పింది. చట్రం అంచున నల్లటి వేలిముద్ర పడింది. కాళియమ్మ తుడవబోయింది.

"ఉండనీమ్మా," అంది సరణ్య.