కొనదగిన సీసాల నోటుబుక్కు

"అమ్మాయికి ఏదో అయిందండీ. లేకపోతే పండగా పబ్బమా, చెప్పాపెట్టకుండా నెల్రోజులు సెలవు పెట్టి ఎందుకొస్తుంది?"

పాపాయమ్మ ఆ మాట అనే వేళకి ఇంకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద పాలు పొంగలేదు. బెంగుళూరు బండి ఇంకా తాడేపల్లిగూడెం స్టేషన్లోకి రాలేదు. వీర్రాజు పెరట్లో వేపపుల్ల నములుతూ పెంటపాడు ఆకాశాన్ని చూస్తున్నాడు. వాన పడితే నారుమడికి మంచిదని ఆయన ఆలోచన.

"నీకు బండి పది నిమిషాలు ఆలస్యమైతే పట్టాలు తప్పినట్టు. టైముకొస్తే డ్రైవరు నిద్రలో తోలుతున్నట్టు," అన్నాడు.

"నవ్వండి. నేను భయపడ్డవి జరగలేదా ఎప్పుడూ?"

"జరిగినవి రెండు. జరగనివి ఎన్నో నువ్వే చెప్పు."

ఆ రెండూ ఏవో ఇద్దరికీ తెలుసు. ఒకటి, రమ్యశ్రీ ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా వడ్ల బస్తాలన్నీ తడిపేసిన తుఫాను. రెండోది పాపాయమ్మ తమ్ముడు సత్తిరాజు. మండవల్లి అవతల చేపల చెరువుల మీద కాపలాకి వెళ్ళి, కొల్లేటి చలికి ఒక్క గుక్క అని మొదలుపెట్టి, నలభై ఏళ్ళు నిండకుండానే ఏలూరు ఆసుపత్రిలో అక్క చేతుల్లో పోయాడు. ఆ తర్వాత పాపాయమ్మకి మందు వాసన తగిలితే చాలు, ఆ పూట అన్నం సయించదు.

అలాంటి తల్లికి రమ్యశ్రీ లాంటి కూతురు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిస్తే బెంగుళూరులో ఖరీదైన విస్కీలూ వైన్లూ అమ్మే పెద్ద దుకాణంలో చేరింది. వచ్చినవాళ్ళ ఇష్టం కనుక్కుని, ఏ సీసా కొనదగిందో, ఎందుకు కొనదగిందో చెప్పడం దాని పని. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తామే తప్ప తాగమని ఎన్నిసార్లు చెప్పినా పాపాయమ్మకి నమ్మకం కుదరలేదు. నోట్లో పెట్టుకున్నదాన్ని ఎవరైనా ఉమ్ముతారా అనేది. వీధిలో మాత్రం మా అమ్మాయి పళ్ళరసాల కంపెనీలో చేస్తోందని చెప్పుకుంది. నాలుగేళ్ళయింది. వీధి కూడా నమ్మింది.

రమ్యశ్రీ ఆటో దిగగానే పాపాయమ్మ కూతుర్ని గట్టిగా కావలించుకుంది. కావలించుకుని, ఎవరికీ తెలియకుండా వాసన చూసింది. రైలు వాసన, సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కాస్త ఊపిరి పీల్చుకుంది.

పాపాయమ్మ ముక్కు ఆ వీధిలో అందరికీ తెలిసిందే. ఊరగాయ జాడీ తెరవగానే పైన నూనె బాగానే ఉన్నా అడుగున ముక్క చెడిందని చెప్పేస్తుంది. కొత్త వడ్లు పురిలో పోసే ముందు వీర్రాజు ఒక దోసెడు తెచ్చి ఆమె ముక్కు ముందు పెడతాడు. ఆరింది అని ఆమె అంటేనే పోస్తాడు. తేమ చూసే మిషను కొన్నాక కూడా ఆ అలవాటు పోలేదు. రమ్యశ్రీకి ఆ ముక్కే వచ్చిందని చిన్నప్పుడు అందరూ అనేవారు. దాన్ని తీసుకెళ్ళి ఆ పనికి పెట్టిందే అని పాపాయమ్మ ఏడుపు.

మూడు రోజులు గడిచాయి. రమ్యశ్రీ ఏది పెట్టినా ఒకేలా తింటోంది. చింతచిగురు పప్పయినా, ఉత్తి మజ్జిగన్నమైనా ఒకటే. ప్రతి ముద్దకీ ఉప్పు అడుగుతోంది. నాలుగో రోజు మధ్యాహ్నం, పొద్దుటి సాంబారు ఎండకి పులిసిపోయింది. గేదె కుడితిలో పోద్దామని పాపాయమ్మ పక్కన పెడితే, రమ్యశ్రీ దాన్నే వడ్డించుకుని మాట్లాడకుండా తినేసింది. పాపాయమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. సత్తిరాజు కూడా ఆఖర్లో ఏం తింటున్నాడో తెలియకుండానే తినేవాడు.

పైగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పావుగంట సేపు గది తలుపు గడియ పడుతోంది. లోపల్నుంచి సీసా మూత తిప్పిన చప్పుడు. కాసేపాగి ఇంకో మూత. పాపాయమ్మ చీపురు పట్టుకుని ఆ తలుపు దగ్గరే ఊడ్చిన చోటే ఊడ్చింది.

ఐదో రోజు రమ్యశ్రీ తండ్రితో చేను చూడ్డానికి వెళ్ళింది. పాపాయమ్మ దేవుడి గూటికి దణ్ణం పెట్టుకుని కూతురి బ్యాగు తెరిచింది. చీరలో చుట్టిన ఒక పెద్ద సీసా ఉంది. సగం ఖాళీ, నోటికి బిరడా కొట్టి ఉంది. అరచేతిలో పట్టేంత చిన్న సీసా ఇంకొకటి, తేనె రంగు ద్రవంతో. వీటి కింద మందుల సీసాల్లాంటివి నాలుగు, నల్లమూతలవి. అన్నిటి అడుగున ఒక నోటుబుక్కు. సీసాలు చూశాక ఆమెకి నోటుబుక్కు తెరిచే ఓపిక లేకపోయింది. ఒక్కొక్కటీ తెచ్చి భోజనాల పీట మీద వరసగా పెట్టింది. వాళ్ళిద్దరూ వచ్చేదాకా వాటి ఎదురుగా కూర్చుంది.

రమ్యశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది. వీర్రాజు సీసాలకేసీ, భార్య మొహంకేసీ చూసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడవార కూలబడ్డాడు.

"మీ మావయ్యకి నోట్లో నీళ్ళు పోసింది నేనే రమ్యా," అంది పాపాయమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆఖరి రోజు నన్ను కూడా గుర్తుపట్టలేదు. అక్కా అని పిలవలేదు. నీ నోట్లో కూడా నా చేత్తోనే పోయించకు. ఎన్నాళ్ళ నుంచి?"

"నేను తాగట్లేదమ్మా."

"తలుపేసుకుని చేస్తున్నదేంటి మరి? పులిసిన సాంబారు తినేసిందానివి, నీకు ఒంటి మీద తెలివుందా?"

వీర్రాజు మెల్లగా చెయ్యి చాపి నల్లమూత సీసా ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. రెండోది తీశాడు.

"లవంగం ఇది. ఇదేమో నిమ్మకాయ," అన్నాడు. మూడోది గులాబీ, నాలుగోది నీలగిరి తైలం. "పాపాయమ్మా, ఇందులో మందెక్కడుందే?"

పాపాయమ్మకి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు రమ్యశ్రీ పీట దగ్గరికి వచ్చి, పెద్ద సీసా బిరడా లాగి, తల్లి ముందుకి జరిపింది. వాసన చూసి చెప్పమంది. పాపాయమ్మ మొహం తిప్పుకుంది. ఆ వాసన తన ఇంట్లో చూడనని, తమ్ముడితోనే ఆ ఋణం తీరిందని అంది.

"ఒక్కసారమ్మా. ఊరగాయ జాడీ అనుకో. ఎవరో తెచ్చి నీ ముందు పెట్టారనుకో."

ఆ మాటకి పాపాయమ్మ కళ్ళు మూసుకుని కొంచెం వంగింది. సత్తిరాజు వాసన వస్తుందని ఊపిరి బిగబట్టి, ఇక బిగబట్టలేక వదిలి, పీల్చింది. సత్తిరాజు రాలేదు. ఇంకేదో వచ్చింది.

"ఇది చెడిపోయిందే," అంది. "ముక్కిపోయింది. లోపల పండు వాసన ఉండాల్సింది, దాన్నేదో తినేసింది. ఎవరన్నా ఇది డబ్బిచ్చి కొంటారా?"

రమ్యశ్రీ కింద కూర్చుండిపోయి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఏడుపు మధ్యలో కొంచెం కొంచెంగా చెప్పింది. నాలుగు నెలల క్రితం జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ దాంతో పాటు వాసన పోయింది. కాఫీ లేదు, అగరొత్తి లేదు, కాగే పాలు లేవు. లోకం మీద ఎవరో మూత పెట్టేసినట్టుంది. డాక్టరు ఆ నాలుగు సీసాలూ ఇచ్చి, రోజుకి రెండు సార్లు వాసన చూడు, నెలల్లో రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. దుకాణంలో ఎవరికీ చెప్పలేదు. నోటుబుక్కులో రాసుకున్నవి గుర్తుపెట్టుకుని, వచ్చినవాళ్ళకి ఇది కొనండి, అది కొనండి అంటూ నెట్టుకొచ్చింది. పోయిన వారం ఒక పెద్దాయన భార్య అరవయ్యో పుట్టినరోజుకి మంచి సీసా చెప్పమన్నాడు. రమ్యశ్రీ ఒక వైను ఎంచి ఇచ్చింది. నమ్మకం కోసం ఆయన ముందే బిరడా తీసి, వాసన చూసి, చాలా బాగుందని చెప్పింది. అదే ఈ సీసా. మర్నాడు ఆయన వెనక్కి తెచ్చాడు. తిట్టలేదు. నువ్వు చూసే ఇచ్చావు కదమ్మా అన్నాడంతే.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుందంది మా దుకాణం నడిపే క్యాథరిన్ మేడమ్. నేను చేసింది పొరపాటు కాదమ్మా. అబద్ధం. అది మేడమ్‌కి తెలీదు."

"నాకైనా చెప్పకపోయావా?"

"నీకు చెప్తే మెదడులో గడ్డంటావు. అయినా నువ్వు వీధికి పళ్ళరసం అని చెప్పావు కదా. నేను నీకొకటి చెప్పకుండా దాచాను. ఇద్దరికీ సరిపోయింది."

పాపాయమ్మకి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పుట్టినప్పటి నుంచీ ఈ పిల్లకి రాగల కష్టాలన్నీ తను ముందే ఏడ్చేసింది. పాము, కరెంటు, లారీ, తాగుడు. అసలు వచ్చిన కష్టం మాత్రం ఆ వరసలో ఎక్కడా లేదు. ఐదు రోజులుగా పిల్ల కంచం ముందు దిక్కులేనిదానిలా కూర్చుంటే, తను తలుపు దగ్గర కాపలా కాసింది.

సాయంత్రం రమ్యశ్రీ పడుకున్నాక పాపాయమ్మ నోటుబుక్కు తీసుకుని అరుగు మీద కూర్చుంది. ఆమె చదువు ఐదో తరగతి. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివింది. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, అవి వదిలేసింది. వాటి కింద రాసినవి తెలుగులో ఉన్నాయి.

"దీవిలో చేసిన పొగ విస్కీ. కాల్చిన తేగ. తేగ నారలో చిక్కుకున్న బూడిద. కొత్తవాళ్ళకి చెప్పకూడదు. పొగ ఇష్టపడేవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు."

"పాత పీపాలో పండిన విస్కీ. అమ్మ నెయ్యి కాచిన గిన్నె అడుగు, బెల్లం వేసి గోకినట్టు. నెమ్మదిగా తాగేవాళ్ళకి. బహుమతిగా ఇవ్వదగింది."

"ఎర్ర వైను. నేరేడు పండు, వక్కపొడి, చందనం పెట్టె. మాంసం కూరతో."

"తెల్ల వైను. పంపరపనస తొక్క గిల్లినట్టు, అప్పుడే కోసిన గడ్డి. వేయించిన చేపకి చెప్పవచ్చు. కొల్లేటి కొర్రమీను పులుసుకి చెప్పకూడదు, పులుసు దీన్ని మింగేస్తుంది."

ఆ చివరి మాటకి పాపాయమ్మ నవ్వింది. నవ్వుతూనే పమిట కొంగు కళ్ళకి అద్దుకుంది. ఎక్కడో బెంగుళూరులో, ఎవరెవరికో, పిల్ల తన వంటింటినే ఎంచి ఎంచి చెబుతోంది. లోపలికి వెళ్ళి తేనె రంగు చిన్న సీసా తెచ్చి మూత తీసింది. కాల్చిన తేగే. పక్కనే సత్తిరాజు కూడా ఉన్నాడు, కానీ తాగక ముందటి వాడు. తాటితోపులో మంట ముందు కూర్చుని, అక్కకి వేడి తేగ ఒలిచి ఇచ్చినవాడు. ఆమె మూత గట్టిగా బిగించి చాలాసేపు అలాగే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కూతురితో చెప్పింది.

"నీ పని నాకు నచ్చదు. ఇవాళా నచ్చదు, రేపూ నచ్చదు. అది వేరు. నీ ముక్కు నాది. అది పోతే నేనూరుకోను."

ముందు ఆ మేడమ్‌కి నిజం చెప్పమంది. చెడ్డ ఊరగాయ మంచిదని చెబితే, ఆ తర్వాత మంచిదాన్ని మంచిదని చెప్పినా ఎవరూ నమ్మరంది. రమ్యశ్రీ గంటసేపు ఫోను పట్టుకుని పెరట్లో తిరిగి, చివరికి మాట్లాడింది. క్యాథరిన్‌ది ఈ పక్క ఏలూరే. కోపపడింది, దాచినందుకు. తర్వాత ఆ పెద్దాయనకి నువ్వే ఫోను చేసి చెప్పు అంది. నెలాఖరు దాకా చూస్తానని, ముక్కు లేకుండా మాత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టలేనని అంది. పెద్దాయన ఫోనులో అంతా విని, ముందు నీ ఆరోగ్యం చూసుకో తల్లీ అన్నాడట.

నల్లమూత సీసాలు అలమరలోకి పోయాయి. ఆ చోట్లోకి పాపాయమ్మ వంటిల్లు వచ్చింది. రోజూ పొద్దున, సాయంత్రం, రమ్యశ్రీ కళ్ళు మూసుకుని పీట మీద కూర్చునేది. పాపాయమ్మ ఒక్కో డబ్బా తెచ్చి ముక్కు దగ్గర పెట్టి ఏంటిది అని అడిగేది. ఊహించి చెప్పకూడదని ఒప్పందం. ఇంగువ, వాము, ఎండురొయ్యలు, కరివేపాకు నలిపి, దబ్బాకు తుంచి. ప్రతిసారీ రమ్యశ్రీ తల అడ్డంగా ఊపేది. వీర్రాజు ఒకరోజు చేను గట్టు మీది తడిమట్టి ఆకులో కట్టి తెచ్చాడు. దానికీ అంతే. ఏలూరులో ముక్కు డాక్టరు చూసి, మానకుండా చేస్తూ ఉండమన్నాడు.

మూడు వారాలు అయిపోయాయి. నెలాఖరు ఇంకా నాలుగు రోజులుంది. రమ్యశ్రీ బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది, దుకాణంలో తన సామాను తెచ్చేసుకుంటానని. పాపాయమ్మ ఆ రాత్రి నిద్ర పట్టక, ఎప్పటిలాగే చెడ్డవన్నీ తలుచుకుంటూ పడుకుంది. ఇన్ని మంచి వాసనలు పెట్టాను, ఒక్కటీ రాలేదు. మంచిది రానప్పుడు చెడ్డదే ముందు వస్తుందేమో. నా బతుకులో ఎప్పుడూ అంతేగా.

తెల్లవారి రమ్యశ్రీ పీట మీద కూర్చుంది, ఇక అమ్మ తృప్తి కోసం అన్నట్టు. ఆ చెడిన సీసా బిరడాని పారెయ్యనివ్వకుండా పాపాయమ్మ ఒక స్టీలు డబ్బాలో మూతేసి దాచింది. ఇప్పుడు ఆ డబ్బా చప్పుడు కాకుండా తెరిచి, కూతురి ముక్కు కింద పెట్టింది.

"ఏంటిది?"

రమ్యశ్రీ పీల్చింది. తల ఊపలేదు. మళ్ళీ పీల్చింది. పెరట్లో గేదె గొలుసు కదిలింది. వీర్రాజు గుమ్మంలో నిలబడిపోయాడు. పాపాయమ్మ పట్టిన డబ్బా దించలేదు. పిల్ల ఏడుస్తుందేమో, పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుంది. అడగబోయి ఆగింది.

చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే, రమ్యశ్రీ పెదవులు కదిలాయి.

"తుఫానుకి తడిసిన బస్తాలమ్మా. మన చావిడి ముందు. నాన్న ఎండకి తిరగేస్తున్నాడు, నువ్వు నన్ను దగ్గరికి రావద్దంటున్నావు."