పిండిమరలో రెండో గొంతు

కొండల్లోని మా ఊరు పెత్రోవ్రిసిలో, వాగు ఒడ్డున పాడుబడ్డ పిండిమర ఒకటుంది. పొద్దు వాలితే అటు ఎవరూ పోరు.

మర యజమాని కోలియోస్ బతికున్నప్పుడే దానికి మంచి పేరు లేదు. తూకంలో గోధుమలతో పాటు వాడి బొటనవేలు కూడా తూగేది. ఒక చలికాలం రాత్రి వాడు నీళ్ళు పడే గుంతలో కాలుజారి పడి చనిపోయాడు. తర్వాత ఊళ్ళోకి కరెంటు మర వచ్చింది. వాగు మరకు చక్రం కుళ్ళింది, కప్పు సగం కూలింది. కొండ కాలవను మాత్రం ఎవరూ ఆపలేదు. నీళ్ళు రాతి గొట్టంలోంచి ఆ గుంతలోకి పడుతూనే ఉన్నాయి... రాత్రీ పగలూ... ఊఁ... అని ఒకటే మోత.

కోలియోస్ మూలుగుతున్నాడని మా ఊళ్ళో అంటారు.

మా చర్చి ఫాదరు గారికి దెయ్యాల మీద నమ్మకం లేదు. మరి చీకటి పడితే చుట్టుదారిన ఎందుకొస్తారంటే, మోకాళ్ళకు మంచిదట.

ఆ వేసవిలో మరలో కొత్త సంగతి మొదలైంది — ఏడుపు పాట. ఆడగొంతు. దాని కింద పదిమంది కలిసి పట్టినట్టు శ్రుతి.

మొదట విన్నది ఎవాంథియా. ఆమె ఏం చెప్పినా సగం తీసేసి వినడం మాకలవాటు. కానీ ఆ వారంలోనే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అదే మాట, పొల్లు పోకుండా చెప్పారు. మా ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే మాట మీద నిలబడ్డం అదే మొదలు. దెయ్యం ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఈ దెయ్యం మీద మండిపడ్డవాడు ఒక్కడే — ఊరి ప్రెసిడెంటు లాంబ్రోస్.

"ఇదంతా ఏడుపు పాటల వల్ల వచ్చిన జబ్బు," అన్నాడు కాఫీకొట్లో. "చిన్నప్పట్నించీ అవే విని విని మీ బుర్రలు తడిసిపోయాయి."

లాంబ్రోస్ ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే వాళ్ళ ఇంటి సంగతి చెప్పాలి. వాళ్ళకు ఒక్కడే కొడుకు, నికిఫోరోస్. అంతకుముందు చలికాలం కొండ మలుపులో మంచు మీద వాడి లారీ జారింది. అంతే.

తల్లి పొలిక్సేని అన్నం నీళ్ళు మానేసింది. గోడవైపు తిరిగి కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. ఈమె కూడా పోతుందేమోనని లాంబ్రోస్‌కు నిద్ర పట్టేది కాదు. యానినా పట్నంలో డాక్టరుకు చూపించాడు. ఆయన, మనసు తేలిగ్గా ఉండేలా చూసుకోండి అన్నాడట. పెద్ద చదువు చదివినాయన చెప్పింది అంతే. మిగతాదంతా లాంబ్రోస్ సొంత వైద్యం.

మా వైపు మనిషి పోతే పాడతాం. పాట ఒకరు ఎత్తుతారు, మిగతావాళ్ళు కింద ఒకే స్వరం పట్టి ఉంచుతారు. పట్టేవాళ్ళు లేకపోతే ఎంత గొప్ప గొంతయినా నోరు తెరవదు. ఒంటిగా పాడితే అది పాటనిపించుకోదు మా దగ్గర. ఊళ్ళో ఎవరు పోయినా పాట ఎత్తేది పొలిక్సేనే. కొడుకు పోయిన నలభయ్యో రోజున ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ కూర్చున్నారు, తన కొడుక్కి తను ఎత్తుతుందని, కింద తాము శ్రుతి పట్టాలని. ఆమె గొంతు సవరించుకుంది...

లాంబ్రోస్ గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చారు, సంతోషం. కాఫీ తాగి వెళ్ళండి. పాట వద్దు. ఆమె ఇంకా కుంగిపోతుంది."

ఆడవాళ్ళు కాఫీ తాగి లేచారు. ఇంక ఈ ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఎక్కడా ఆమె చెవిన పడేలా ఏడుపు పాట పాడొద్దని ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడు. పట్నం నుంచి క్యాసెట్ల రేడియో తెచ్చాడు. అన్నీ పెళ్ళి పాటలు, తాగుబోతు పాటలు. పొద్దున లేస్తే అదే మోత. ఆమె నోట కొడుకు పేరు వస్తే ఆ డబ్బా గొంతు ఇంకాస్త పెంచేవాడు.

విచిత్రం... ఎండలు ముదిరేసరికి పొలిక్సేని తేరుకుంది. రొట్టె తింటోంది. మేకల దగ్గరికి వెళుతోంది. ఒకరోజు ఎవాంథియాతో నవ్విందట కూడా.

ఇక లాంబ్రోస్‌కు పట్టపగ్గాల్లేవు.

"చూశారా? ఏ పాట వింటే మనిషి ఆ పాటలాగే తయారవుతాడు. డబ్బా పెట్టాను, మనిషి లేచింది."

కాఫీకొట్లో అందరూ కప్పుల్లోకి చూస్తూ తలలూపారు. జీకోస్ గాడిద చస్తే వాడికీ ఒక క్యాసెట్టు ఇచ్చి పంపాడు ప్రెసిడెంటు. వారం తర్వాత జీకోస్ తిరిగి తెచ్చి, "నాకు తగ్గింది ప్రెసిడెంటు గారూ. గాడిదకే తగ్గలేదు," అన్నాడు.

ఇలా వైద్యం పండిన వేళ, మరలో ఏడుపు పాట అంటే లాంబ్రోస్‌కు ఒళ్ళు మండదూ? అది పొలిక్సేని చెవిన పడితే మళ్ళీ గోడవైపు తిరుగుతుందని భయం. కాలవ మళ్ళించేస్తానన్నాడు. నీళ్ళు ఆగితే మోత ఆగుతుంది, మోత ఆగితే దెయ్యమూ ఆగుతుంది.

మేస్త్రీ సోతిరిస్‌కు సరిగ్గా అప్పుడే నడుము పట్టేసింది. నడుము కాస్త వదిలేసరికి పార కనపడలేదు. పార దొరికేసరికి, "అనుమతి కాగితం లేకుండా నీళ్ళ జోలికెళ్తే పట్నం వాళ్ళు ఊరుకోరు, ప్రెసిడెంటు గారూ," అన్నాడు.

సరే, కాగితం తెస్తానని లాంబ్రోస్ యానినా వెళ్ళాడు. రాత్రికి చుట్టాలింట్లో పడుకుని రేపొస్తానని పెళ్ళానికి చెప్పాడు. సంతకాలు పెట్టించుకున్నాడు. పనిలో పనిగా రెండు కొత్త క్యాసెట్లు కొన్నాడు. చుట్టాలింటికి అప్పటికే వేరే చుట్టాలొచ్చి ఉన్నారు. దుంగల లారీ ఒకటి మా వైపు వస్తుంటే ఎక్కేశాడు.

చీకటి పడ్డాక లారీ వంతెన దగ్గర దింపి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి ఊళ్ళోకి దగ్గర దారి — మర మీదుగా.

లాంబ్రోస్ ఈల వేస్తూ నడిచాడు. భయమేసి కాదు. మామూలుగానే.

వాగు మలుపు తిరిగాడు...

ఊఁ...

నీళ్ళే. తెలిసిన మోతే. ఇంకో నాలుగడుగులు వేశాడు.

ఆ మోత మీదికి... సన్నగా... ఒక గొంతు లేచింది.

ఈల పెదాల మీదే ఆగిపోయింది. కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి దానంతటదే మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. అక్రోటు చెట్టు చాటుకి ఎలా చేరాడో అతనికే తెలియదు.

గొంతు కిందికి జారింది, మళ్ళీ లేచింది. కూలిన కప్పులోంచి వెన్నెల లోపలికి పడుతోంది. మనిషి కనపడ్డం లేదు. పాట మాత్రం స్పష్టంగా...

"కొట్టంలో నీ మేక ఈనింది, బిడ్డా... రెండు పిల్లలు... ఒకదానికి అచ్చం నీ చెవులే..."

మా కొట్టంలో మేక ఈనిన సంగతి దీనికెలా తెలుసు, అనుకున్నాడు లాంబ్రోస్.

అప్పుడు ఆ గొంతు ఆగి, దగ్గింది. పొడిగా... వెంటవెంటనే రెండుసార్లు.

పెళ్ళయిన నాటి నుంచీ పక్కమీద వింటున్న దగ్గు అది.

"మీ నాన్న మంచివాడే, బిడ్డా," పాట మళ్ళీ లేచింది. "నవ్వమన్నాడు... నవ్వుతున్నా. నీ పేరెత్తితే డబ్బా గొంతు పెంచుతాడు... పెంచనీ అనుకున్నా. ఒక్క ముద్ద తింటే డబ్బా వల్లే అనుకుంటాడు... అనుకోనీ. ఆయనకి ఏడవడం చేతకాదు, బిడ్డా... ఆయన మీద కోపం పెట్టుకోకు..."

దెయ్యమైనా బాగుండేది, అనిపించింది లాంబ్రోస్‌కు. దెయ్యమైతే గొంతు నొక్కి వదిలేస్తుంది. ఆ చీకట్లో ఎవరూ చూడకపోయినా, రొట్టెల పొయ్యి ముందు నిలబడ్డట్టు మొహం కాలిపోతోంది. కాఫీకొట్లో తను అన్న ఒక్కొక్క మాటా వెనక్కొచ్చి చెవిలో పడుతోంది.

చప్పుడు కాకుండా వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాడు. సంచిలో క్యాసెట్లు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి.

పాట ఆగింది. నీళ్ళు ఆగలేదు.

"ఎవరది?"

లాంబ్రోస్ సంచిని రెండు చేతులా అదిమి పట్టాడు.

"మనిషైతే ఇంటికి పో," అంది గొంతు, మెల్లగా. "దెయ్యమైతే లోపలికి రా. భయపడకు."

మనిషినని చెప్పుకోవడానికి ఆ క్షణాన లాంబ్రోస్‌కు నోరు రాలేదు. లోపలికి వెళ్ళాడు.

పొలిక్సేని గుంత అంచున, విరిగిన తిరగలి రాయి మీద కూర్చుని ఉంది. నల్ల తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. అతన్ని చూసి లేవలేదు.

"రేపు కదా వస్తానన్నావు."

"లారీ దొరికింది."

లాంబ్రోస్ కూలిన కప్పు వైపు, గుంత వైపు చూశాడు.

"ఇంత దూరం... ఈ పాడుకొంపకి ఎందుకు వచ్చావు?" అన్నాడు చివరికి.

"ఇంట్లో నాకు శ్రుతి ఎవరు పడతారు? ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించావు కదా. ఈ నీళ్ళ నోరొక్కటే మిగిలింది."

"నాతో చెప్పకపోయావా."

"చెబితే కొత్త క్యాసెట్టు తెచ్చేవాడివి."

లాంబ్రోస్ సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాడు.

"పాడితే... కుంగిపోతావని..."

"పాడకే కదా కుంగిపోయింది, లాంబ్రో. గొంతులో రాయి పెట్టుకుంటే ముద్ద ఎటు దిగుతుంది? ఇక్కడ వాణ్ణి పేరు పెట్టి పిలుచుకుంటున్నా, ఏడుస్తున్నా. ఇంటికొచ్చి తింటున్నా."

"మరి ఆ దెయ్యం..."

"ఎవాంథియా పుట్టించింది. ఎవరూ ఇటు రాకుండా."

"ఇంకా ఎవరికి తెలుసు?"

ఆమె నీళ్ళవైపు చూసింది. "నీకే తెలియదు."

లాంబ్రోస్ కళ్ళ ముందు కాఫీకొట్టు కదిలింది. కప్పుల్లోకి చూస్తూ తలలూపిన ఆ మొహాలన్నీ. సోతిరిస్ నడుము. పోయి దొరికిన పార. ఊరంతా కలిసి తన పెళ్ళాన్ని కాపు కాసింది — తన నుంచి. దెయ్యం పుట్టిందీ తన కోసమే. మరి మీరంతా అతని మొహం మీద ఒక్క ముక్క చెప్పకపోయారా అని అడుగుతారేమో. ప్రెసిడెంటు మొహం మీద ఎవరు చెబుతారండీ.

"కాలవ మళ్ళిస్తావట కదా," అంది పొలిక్సేని. "కాగితం దొరికిందా?"

అతని చెయ్యి జేబు మీదికి పోయింది. దొరికిందని అర్థమైంది ఆమెకు.

"సరే. సోతిరిస్ మాత్రం ఎన్నాళ్ళని నడుం పట్టుకుని కూర్చుంటాడు." తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంది. "ఈ రాత్రికి మాత్రం పాడుకోనీ."

ప్రెసిడెంటు జేబులోంచి కాగితం తీశాడు. ముద్రలు, సంతకాలు అన్నీ ఉన్నాయి. నేలంతా తడిగా ఉంది. కాగితం విప్పి, ఆమె పక్కన నేలమీద పరుచుకుని, దాని మీద కూర్చున్నాడు.

"ఎత్తు," అన్నాడు.

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "నీకు శ్రుతి రాదు కదా."

నిజమే, రాదు. చర్చిలో పాటలు పాడే స్తాథిస్ పెళ్ళినాడే చెప్పాడు అతనికి — "నువ్వు పెదాలు కదుపు చాలు, లాంబ్రో, దేవుడు సర్దుకుంటాడు."

"రాదు," అన్నాడు.

"సరే, పట్టు."

ఆమె ఎత్తింది. అతను పట్టాడు. జీకోస్ గాడిద బతికున్నప్పుడు దారి తప్పినట్టే ఆ స్వరం పక్కకు పోయింది. నీళ్ళు లాగితే మళ్ళీ దగ్గరకొచ్చింది, మళ్ళీ పోయింది. ఆమె "నికిఫోరో..." అన్న చోట అది పూర్తిగా తెగిపోయింది. దాని బదులు ఇంకేదో వచ్చింది... మంచు మీద లారీ జారిన రోజు నుంచీ రానిది.

పొలిక్సేని అతనివైపు తిరగలేదు. పాట ఆపలేదు. ఆ చప్పుడు బయటికి వినపడకుండా గొంతు కాస్త పెంచింది, అంతే.

ఇప్పుడు మరలో రెండు దెయ్యాలున్నాయని మా ఊళ్ళో అంటారు. మొదటిది బాగా పాడుతుంది. రెండోదాన్ని వంతెన మీంచి విన్న స్తాథిస్, పాపం, తల పట్టుకున్నాడు. మన ఊళ్ళో ఇంత చెడ్డగొంతు ఒక్కటే ఉండేదనుకున్నా, ఇది దానికేమీ తీసిపోదు, అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

లాంబ్రోస్ ఇంటి కిటికీలో క్యాసెట్ల డబ్బా ఇంకా ఉంది. దాని మీద పొలిక్సేని వెల్లుల్లి ఆరబెడుతోంది.

లాంబ్రోస్ కాఫీకొట్టుకు వస్తాడు, కూర్చుంటాడు. వైద్యం సంగతి ఎత్తడు. దారిలో ఆడవాళ్ళు ఎదురైతే ప్రెసిడెంటే ముందు తల దించుతాడు. మొన్న సోతిరిస్ ఊరుకోక, "ప్రెసిడెంటు గారూ, నా నడుము పూర్తిగా తగ్గింది. పార కూడా ఉంది. కాలవ ఎప్పుడు మళ్ళించమంటారు?" అన్నాడు.

లాంబ్రోస్ చెవులు ఎర్రబడ్డాయి. చాలాసేపు కప్పు అడుగున మిగిలిన మడ్డి చూస్తూ కూర్చున్నాడు.

"అక్కడ... దెయ్యముంది," అన్నాడు, తలెత్తకుండా. "అటు పోకండి."

అందరం భయపడ్డాం.