మూడో కంచం

ఇబ్రహీంపట్నంలోని ఆ వృద్ధుల కాలనీ తప్ప ఇంకెక్కడికైనా సరే అన్నాను నా భార్య యమునతో. మహేశ్వరంలో ఒకటి చూపించాను, అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకొకటి చూపించాను. ఆమె వాటికి వంకలు పెట్టింది, నేను దీనికి పెట్టాను. ఇంకో రెండేళ్లు ఆగుదామని కూడా అన్నాను. బాత్రూంలో జారిపడి మూడు నెలలు మంచంలో ఉన్నాక ఆమె ఇక నా మాట వినలేదు.

"కాళ్లుజేతులు ఆడుతున్నప్పుడే పోవాలె. మనకు పిల్లాజెల్లా ఉన్నరా, మోసుకపోనీకె? అయినా మీ పాత పొలమే కద అది. సొంత జాగల ఉండనీకె నీకేం బాధ?"

బాధ అదే. భూముల రేట్లు నెలకో తీరుగా ఎగబాకిన రోజుల్లో ఆ రెండెకరాలు అమ్మింది నేనే. మా ఇళ్లల్లో పెద్దలను సొంత పొలంలోనే పూడ్చిపెడతారు. ఆ పొలం మూలన మా అమ్మ ఎంకమ్మ సమాధి ఉండేది. పొలం కొన్నవాళ్లు ఎముకలు తీసుకెళ్లడానికి వారం గడువిచ్చారు. నేను తొమ్మిదో రోజున కుండ పట్టుకుని వెళ్లాను. అప్పటికే అంతా చదును చేసేశారు. సమాధి ఎక్కడుండేదో ఆనవాలు దొరకలేదు. ఎవరినైనా అడగడానికి సిగ్గేసి, కాళ్ల దగ్గరున్న మట్టినే కుండలోకి ఎత్తి సాగర్‌లో కలిపి వచ్చాను.

"అమ్మను కృష్ణల కలిపిన" అని అక్క సత్తమ్మకు చెప్పాను. అక్క నా చేతులు కళ్లకద్దుకుని ఏడ్చింది. ఆ చేతులు నరికేసుకోవాలనిపించింది. యమునకూ ఆ అబద్ధమే చెప్పాను.

ఒకరోజు ఉండి చూసి, నచ్చితేనే సంతకం పెట్టమన్నాడు కాలనీ మేనేజర్. అది పెత్రమాస, పెద్దల అమావాస్య. పొద్దున పెద్దల పేరున అయ్యగారికి బియ్యమిచ్చి బయల్దేరాం. మాకు కింది అంతస్తులో, మూల గది ఇచ్చారు. కిటికీలోంచి మా పొలం వెనకాలి గుట్ట చూసి లెక్కగట్టాను... సరిగ్గా అమ్మ సమాధి ఉన్న మూలే.

చీకటి పడుతుండగా వంటింట్లో పనిచేసే స్టెల్లా భోజనం తెచ్చింది. మూడు కంచాలు.

"ఇద్దరమే కదమ్మా" అన్నాను.

"మరి బయట మెట్టు మీద కూసున్న అవ్వ? మీ అమ్మనట కద సారూ. లోపటికి రమ్మంటే కొడుకు పిలుస్తె వస్త అంటుంది."

"ఎవరో మతి లేని ముసలామె అయ్యుంటది. పిలువు, పాపం. పండుగ పూట జర తిని పోతది" అంది యమున.

నేను పిలవలేదు. స్టెల్లా మూడో కంచం గుమ్మం పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

వాన లేదు. అయినా అప్పుడే తవ్విన మట్టి వాసన వచ్చింది. గుమ్మం దగ్గర కంచం గచ్చు మీద జరిగింది... కొద్దిగా. మళ్లీ కొద్దిగా. పళ్లు లేని నోరు మెల్లగా నములుతున్న చప్పుడు.

"యమునా... తింటున్నది నువ్వేనా?"

గాజులు లేని చేయి ఏదో నా మోకాలికి తగిలి, మంచం వైపు వెళ్లింది. చల్లగా ఉంది. నేను కదల్లేదు. "అమ్మా, తప్పయింది..." అనాలనుకున్నాను.

కరెంటు వచ్చింది.

మూడో కంచం ఖాళీగా ఉంది. అంచున ఒక్క ముద్ద మాత్రం మిగిలి ఉంది. ఎంత ఆకలితో ఉన్నా అమ్మ నాకోసం ఆఖరు ముద్ద అలాగే అంచున ఉంచేది. ఈ సంగతి నేను యమునకు ఎప్పుడూ చెప్పలేదు.

యమున మంచం మీద కూర్చుని ఉంది. ఆమె కంచంలో అన్నం కదలలేదు. పెదవుల చివర ఎర్రమట్టి.

"మంచి మనిషి" అంది చేత్తో మూతి తుడుచుకుంటూ. "చీకట్ల నాకు ముద్దలు కలిపి పెట్టింది. వచ్చే నెల వస్తమని చెప్పిన. ఎందుకు, ఈడనే ఉండున్రి అంటుంది. నీది ఆడ పెట్టిందట, తిను."

ముద్ద ముట్టుకుని చూశాను. ఇంకా వెచ్చగా ఉంది.